మూడు ఎత్తుల్లో ఒక ఇల్లు

అరవై దాటిన మగాయన ఉద్యోగం మానేస్తే శాలువా కప్పి, దండ వేసి, “మీ అనుభవాలు నాలుగు మాటల్లో చెప్పండి సార్” అంటారు. ముప్ఫై నాలుగేళ్ల ఆడమనిషి చంకలో పిల్లతో మానేస్తే “ఇంట్లోనే ఉంటోందట” అంటారు. నాకు శాలువా రాలేదు. భుజం మీద ఒక తువ్వాలుంది, దాని మీద పిల్ల కక్కిన పాలున్నాయి. అదే కప్పుకుని నా వృత్తి అనుభవాలు రాస్తున్నాను.

పిల్ల పక్క గదిలో నిద్రపోతోంది. ఊపిరి ఆడుతోందో లేదో ఇప్పుడే చూసొచ్చాను. ఈ పేరా అయ్యాక మళ్లీ వెళ్తాను. ఎక్కడైనా మాటకీ మాటకీ అతకకపోతే, అక్కడ లేచి వెళ్లాననుకోండి.

ఇది చదవాల్సింది మాత్రం ఎఫ్-వన్ వీసా మీద అమెరికాకి చదువుకి కొత్తగా వస్తూ, కంప్యూటర్లు కాక ఇంకేదైనా చేద్దామని లోలోపల అనుకునే పిల్లలు. అప్పుడప్పుడూ ఒకరిద్దరు నాకు ఫోన్ చేస్తుంటారు. “అక్కా, ఆ ఫీల్డ్‌లో స్కోప్ ఉందా?” అని అడుగుతారు. లేదు. ఆ సంగతి ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

కంప్యూటరే, కాకపోతే కొండలు

నేను ఈ దేశం వచ్చింది మ్యాపుల చదువుకి. మ్యాపులు కంప్యూటర్‌లో గీస్తారు కాబట్టి అనంతపురంలో మా నాన్న అందరికీ “కంప్యూటర్స్” అని చెప్పుకున్నాడు. అబద్ధమేం కాదు. ఇక్కడికొచ్చాక చూస్తే డిపార్ట్‌మెంట్ మొత్తంలో అసిస్టెంట్ కావాలన్న ప్రొఫెసర్ ఒక్కరే దొరికారు. ఆయనది ఆండీస్. దక్షిణ అమెరికా పడమటి అంచు పొడవునా లేచి నిలబడ్డ కొండలు. పెరూ దేశంలో ఆ కొండల మీది ఊళ్ల పేర్లు సేకరించి మ్యాపులోకి ఎక్కించాలి, దానికి అక్కడివాళ్ల కెచువా భాష రావాలి.

“నేర్చుకోగలవా?” అన్నారాయన.

“నేర్చుకుంటానండీ” అన్నాను. అప్పట్లో ఆయన కత్తిసాము నేర్చుకోవాలన్నా అదే అనేదాన్ని.

తెలుగు వచ్చినవాళ్లకి కెచువా మరీ పరాయిగా ఉండదు. క్రియ చివరికి వస్తుంది. మాట వెనకాల ఒకదాని తర్వాత ఒకటి తగిలించుకుంటూ పోవచ్చు. మనకి ‘మనం’ వేరు, ‘మేము’ వేరు కదా, వాళ్లకీ అంతే. కళ్లతో చూసింది ఒకలా, ఎవరో చెబితే విన్నది ఇంకోలా చెబుతారు, మన ‘వచ్చాడట’ లాగ. క్లాసులో అమెరికన్ పిల్లలు ఇవన్నీ చూసి జుట్టు పీక్కుంటుంటే నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. ఆ గీర నాకు చాలా ఏళ్లు పనికొచ్చింది, ప్రతిసారీ బోర్లా పడటానికి.

మొదటిసారి పడింది కుస్కోలో. అది ఒకప్పుడు ఆ కొండల్ని ఏలిన ‘ఇంకా’ అనే వంశపు చక్రవర్తుల రాజధాని, కొండల్లో బాగా ఎత్తున ఉన్న పట్టణం. వేసవి సెలవుల్లో నన్ను అక్కడికి పరిశోధనకి పంపించారు. విమానం దిగి నాలుగడుగులు వేశానో లేదో, తల దిమ్మెక్కి కింద కూలబడ్డాను. ఎత్తు పడలేదు. ఆ వేసవి సింహభాగం ఒక ముసలావిడ ఇంట్లో మంచం మీద, ఆవిడిచ్చిన కోకా ఆకు కషాయం తాగుతూ గడిపాను. మన తాంబూలంలో తమలపాకు ఎలాగో వాళ్ల మర్యాదల్లో ఆ ఆకు అలాగ. నా థీసిస్‌లో ‘క్షేత్ర పరిశీలన’ అనే అధ్యాయం ఒకటుంది. అందులో పరిశీలించింది ఆ గది పైకప్పు.

ఉద్యోగం వచ్చింది కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో, ముగ్గురు మనుషుల చిన్న ఆఫీసులో. కొండప్రాంతాల నుంచి వచ్చినవాళ్ల కేసుల్లో, వాళ్ల ఊరు ఎలాంటిది, చరిత్ర ఏమిటి, ఏ మాటకి అర్థమేమిటి అని కోర్టులకి తెలిసేలా రిపోర్టులు రాయడం మా పని. మా ఆయనది శాంటా క్లారాలో ఉద్యోగం. ఇద్దరికీ సమానంగా దూరమయ్యేలా డబ్లిన్‌లో, ఐర్లండ్‌ది కాదు, ఇక్కడిదే, అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. అక్కడికి మా అత్తయ్య ఆరు నెలలుండటానికి వచ్చారు. ఆవిడ గుంటూరు మనిషి.

“అమ్మాయ్, ఇంతకీ నువ్వు ఆఫీసులో చేసేదేంటి?” అని అడిగారు ఒకరోజు వంట చేస్తూ.

“పెరూ కొండల గురించి రాస్తానత్తయ్యా. మన బంగాళాదుంప అక్కడిదే. మిరపకాయ కూడా ఆ ఖండం నుంచే మనకి వచ్చింది.”

అత్తయ్య గరిటె ఆపారు. “మిరపకాయా?”

“అవునత్తయ్యా. ఓడల్లో తెచ్చారు.”

“పెళ్లికి ముందు మావాడికి చెప్పావా ఈ సంగతి?”

పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామని, వాళ్లు బంగాళాదుంపల్ని ఒరుగులు పెట్టుకునే పద్ధతి చెప్పాను. మంచులో గడ్డకట్టించి, కాళ్లతో తొక్కి నీరు తీసి, ఎండబెట్టి, ఏళ్ల తరబడి దాచుకుంటారని. అత్తయ్య శ్రద్ధగా విన్నారు. “కాళ్లు కడుక్కుంటారా?” అన్నారు. కుస్కోలో మంచం దిగి ఉంటే తెలిసేది.

మార్గరెట్

మా బాస్ మార్గరెట్ డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. వయసులో ఉండగా పెరూ కొండల్లో బడిపంతులమ్మగా చేసింది. బాగా రాశావని ఆవిడ నన్ను ఒక్కసారి కూడా అనలేదు. రిపోర్ట్ ఇస్తే పక్కన పెన్సిల్‌తో ‘ఎవరు చెప్పారు?’ అని రాసి వెనక్కిచ్చేది. ‘ఈ ప్రాంతంలో వర్షాలు తక్కువ’ అని రాస్తే, ఎవరు చెప్పారు? ‘ప్రజలు పేదవారు’, ఎవరు చెప్పారు? ఒకసారి కవర్ పేజీ మీద నా పేరు పక్కన కూడా రాసింది. అది పొరపాటున అనుకుంటాను.

చాడీ చెబుతున్నాననుకోకండి. చేరబోయేవాళ్లకి నేనిచ్చే సలహా ఒకటే. మెచ్చుకునే బాస్ దొరికితే సంతోషం, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోతారు. పని రావాలంటే మాత్రం ‘ఎవరు చెప్పారు?’ అనే బాస్ కావాలి. నిద్ర సంగతి తర్వాత.

ఫెలిసితాస్

ఇక్కడ మాంద్యం వచ్చి ఉద్యోగాలు పోతున్న ఏళ్లలో మా దగ్గరికి వచ్చిన కేసు ఇది. ఫెలిసితాస్‌ది పెరూలో ఆయకూచో అనే కొండప్రాంతం. నా ఈడుదే. ఓక్లాండ్ దగ్గరే హేవర్డ్‌లో మోటెల్ గదులు శుభ్రం చేసేది. ఇక్కడ పుట్టిన చిన్న కూతురుంది, రోసా. ఆమె భర్తని అడవి అంచున వాళ్ల కాఫీ తోటలోంచి తుపాకులవాళ్లు తీసుకెళ్లారు. వాళ్ల మత్తుమందు సరుకు మోయడానికి రానన్నందుకు. అతను తిరిగి రాలేదు. ఈసారి నీ వంతు అని ఆమెకి కబురు పెట్టారు. అప్పటికే కడుపుతో ఉన్న మనిషి ఆ దేశం దాటి వచ్చేసి, ఇక్కడ ఆశ్రయం అడిగింది.

ఆమె లాయర్ డేవిడ్ అనే కుర్రాడు. మొదటిరోజే మా ఆఫీసులో తల పట్టుకుని కూర్చున్నాడు.

“మూడుసార్లు అధికారులు అడిగారు. మూడుసార్లూ వేరే ఊరు చెప్పింది. ఒకటి కొండ నెత్తిన, ఒకటి మధ్యలో, ఒకటి అడవి అంచున. కొండ నెత్తిన ఉండే మనిషిని అడవిలోని వాళ్లు బెదిరించడమేంటి, కథ అల్లింది అంటారు ప్రభుత్వం తరఫు లాయర్. జడ్జి నమ్మకపోతే వెనక్కి పంపిస్తారు. పిల్లని తీసుకెళ్తే ఆ మనుషులున్న చోటికి తీసుకెళ్లాలి. వదిలేస్తే ఎవరి దగ్గర వదులుతుంది?”

అదీ మా ముందున్న పని. మూడు ఊళ్లు ఎందుకు చెప్పిందో జడ్జికి అర్థం కావాలి.

నేను ఫెలిసితాస్‌ని కెచువాలో పలకరించాను, నా కుస్కో ఉచ్చారణతో, గొంతులోంచి టకటకమని. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “రేడియోలో వార్తలు చదివేవాళ్లలా మాట్లాడుతున్నావు” అంది. వాళ్ల వైపు ఆ టకటకలు లేవు. అక్కడ ఆడవాళ్లని గౌరవంగా ‘మామా’ అని పిలుస్తారు. ఒకసారి ఇంట్లోంచి ఆమెకి ఫోన్ చేసి “మామా ఫెలిసితాస్, రేపు వస్తారా?” అన్నాను. అత్తయ్య టీవీ సౌండ్ తగ్గించి మరీ అడిగారు, “మీ మామయ్యకి ఆ పేరెప్పుడు పెట్టారమ్మా?”

ఇక మూడు ఊళ్ల సంగతి. మార్గరెట్ ఆలోచించే లోపే నాకు పరిష్కారం తట్టేసింది. వీసా దరఖాస్తులు నింపీ నింపీ చెయ్యి తిరిగిన జనం మనం. పర్మనెంట్ అడ్రస్, ప్రెజెంట్ అడ్రస్, మెయిలింగ్ అడ్రస్. ఇందులో మనల్ని మించినవాళ్లు ఈ భూమ్మీద లేరు. కాబట్టి మధ్య ఊరు ఆమె పర్మనెంట్ అడ్రస్ అనీ, పైకీ కిందికీ సీజన్‌లో విజిట్‌కి వెళ్లేదనీ రాసి, చక్కటి రంగుల మ్యాపు గీసి, మధ్య ఊరి మీద ఎర్ర చుక్క పెట్టి పట్టుకెళ్లాను.

మార్గరెట్ చదివింది. “విజిట్ అన్న మాట ఆమె అందా?”

“అనలేదు.”

“మరి ఎవరు చెప్పారు?”

“అర్థం అదే కదా మార్గరెట్.”

“నీ లంచ్ డబ్బా తీసుకురా.”

మెట్ల మీద

మా ఆఫీసు బిల్డింగ్‌లో లిఫ్ట్ ఎప్పుడూ సరిగ్గా పనిచేసేది కాదు కాబట్టి అందరూ మెట్లే వాడేవారు. మార్గరెట్ నా డబ్బాలోంచి ఆరెంజ్ తీసి కింది మెట్టు మీద పెట్టింది. తను తింటున్న మొక్కజొన్న చిప్స్ పాకెట్ మధ్యలో పెట్టింది. నా బంగాళాదుంప వేపుడు గిన్నె నా చేతే పై మెట్టు మీద పెట్టించింది.

“ఇప్పుడు చెప్పు. నారింజ పైన నాటితే?”

“మంచుకి చచ్చిపోతుంది.”

“దుంప కింద వేస్తే?”

“వేడికి, తెగుళ్లకి పోతుంది.”

“ఒకే మెట్టు మీద ఉంటానన్నవాడు ఏం తింటాడు?”

“ఆ ఒక్కటే.”

“ఆ ఏడు ఆ పంట పోతే?”

పై అంతస్తు ఇన్సూరెన్స్ ఆఫీసావిడ నా వేపుడుని జాగ్రత్తగా దాటుకుంటూ దిగింది.

“అందుకే వాళ్లు అన్ని మెట్ల మీదా ఉంటారు. తరతరాలుగా, ‘ఇంకా’ చక్రవర్తుల కంటే ముందు నుంచీ. స్పెయిన్ వాళ్లు వచ్చి, కొండంతా చెదిరి ఉన్నవాళ్లని ఒక్కచోటికి తోలుకొచ్చి, చదరంగం గళ్లలా వీధులు వేసి, ఇదే మీ ఊరు అన్నారు. జనం సరేనని తలూపి, పంట వేళకి మళ్లీ కొండెక్కేశారు. నీ ఎర్ర చుక్క ఉంది చూశావూ, అది కూడా ఆ స్పెయిన్ వాళ్లు వేసిన వీధే.”

నాకు జ్ఞానోదయమైంది. ఉత్సాహం ఆగలేదు. “అర్థమైంది మార్గరెట్! నాకూ అంతే. సొంతూరు అనంతపురం, చదివింది హైదరాబాద్, ఉండేది డబ్లిన్...”

“నువ్వు ఊళ్లు మారావు. ఆమె మారలేదు. అయినా నీ గురించి రాయమని ఎవరూ అడగలేదు. ఆ వేపుడు తినేసెయ్, చల్లారిపోతోంది.”

మనకి ఇదొక జబ్బు. ఎవరి కష్టం విన్నా ‘మాకూ అచ్చం అంతే’ అనేస్తాం. అది సానుభూతి అనుకుంటాం. చాలాసార్లు వినడం ఆపేశామని దానర్థం. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న పెద్ద విషయం ఇదే. మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

మర్నాడు ఫెలిసితాస్‌ని మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి జవాబులు కాదు, ప్రశ్నలు అడిగాను.

“మొదటి ఆఫీసర్ నిన్ను ఏమడిగాడు?”

“మీ అమ్మ ఇల్లెక్కడ, ఎక్కడ పుట్టావ్ అన్నాడు. పైన అన్నాను.”

“రెండో ఆవిడ?”

“బడి ఎక్కడ, పెళ్లి ఎక్కడ అంది. బడి, చర్చి మధ్యలోనే కదా ఉండేది.”

“మూడో ఆయన?”

“వాళ్లొచ్చిన రోజు ఎక్కడున్నావ్ అన్నాడు. కాఫీ కోతకి కింద ఉన్నాం.”

“మరి ముగ్గురూ ‘ఉండేది ఎక్కడ’ అన్నట్టు రాసుకున్నారే!”

“నీకు ఎన్ని చోట్ల ఇల్లుందని ఒక్కరూ అడగలేదు న్యాన్యా. నువ్వూ అడగలేదు.” న్యాన్యా అంటే అక్కచెల్లెళ్లని పిలిచే మాట. ఆ తిట్టు తిట్టడానికి ఆ పిలుపు అవసరమే.

పాత మ్యాపు చించేశాను. ఈసారి పైనుంచి చూసినట్టు కాక, కొండని పక్కనుంచి నిలువుగా కోసినట్టు గీశాను. అంచెలంచెలుగా ఏ ఎత్తులో ఏ పంట, ఏ నెలలో ఇంటిల్లిపాదీ ఎక్కడ. ఆమె చెప్పింది ఒక రంగు, సర్వే మ్యాపుల్లో దొరికింది ఒక రంగు, నా ఊహ ఇంకో రంగు. మార్గరెట్ చాలాసేపు చూసి ఏమీ రాయకుండా వెనక్కిచ్చింది. ఆ కాగితం ఫ్రేమ్ కట్టించుకోవాల్సింది.

కోర్టు

శాన్ ఫ్రాన్సిస్కోలో విచారణ. చరిత్ర సంగతులు మార్గరెట్ చెప్పింది. బొమ్మ గీసిందెవరు అని ప్రభుత్వం తరఫు లాయరమ్మ అడగడంతో నన్ను పిలిచారు. నాకు అప్పటికే కుస్కోలో లాగ తల దిమ్మెక్కింది. ఎత్తు లేని చోట కూడా నాకు అది వస్తుంది.

“మీరు ఆ ఊళ్లకి వెళ్లారా?”

“లేదండీ.”

“పెరూ?”

“ఒక వేసవి, కుస్కోలో.”

“అక్కడ ఏం పరిశోధించారు?”

ప్రమాణం చేసి కూర్చున్నాను కదా. “ఎక్కువగా పడుకున్నానండీ. ఎత్తు పడలేదు.”

జడ్జిగారు తల దించుకున్నారు. నవ్వాపుకోడానికేనని మార్గరెట్ అంటుంది. నేను చూడలేదు కాబట్టి ‘నవ్వారట’ అనే రాస్తాను.

“మరి ఏ ఆధారంతో గీశారు?”

“ఏది ఎవరు చెప్పారో రంగుల్లో ఉందండీ. నా ఊహ నారింజ రంగులో ఉంది. ఒకే ఒక కాలిబాట. అది చెరిపేసినా మిగతా బొమ్మ నిలబడుతుంది.”

లాయరమ్మ ఇక ప్రశ్నలు లేవని కూర్చుంది. తర్వాత జడ్జిగారే నేరుగా ఫెలిసితాస్‌ని అడిగారు. ఆయన ఇంగ్లీషు ఒకరు స్పానిష్‌లోకి, ఆ స్పానిష్ ఇంకొకరు కెచువాలోకి. ప్రతి ప్రశ్నా కొండ దిగినట్టు దిగి, జవాబు కొండెక్కినట్టు ఎక్కేది.

“మొక్కజొన్న కోత అయిపోయాక మీ కోసం ఎవరైనా వస్తే ఎక్కడ దొరుకుతారు?”

“పైన. అప్పుడు మంచు పడుతుంది. దుంపలు ఎండబెట్టుకోవాలి.”

“వానలు మొదలయ్యేటప్పుడు?”

“ముందు మధ్యలో విత్తనం వేసి, తర్వాత పైకి వెళ్తాం. మా ఆయన ముందే వెళ్లి దున్నేవాడు.”

“ఆయన్ని తీసుకెళ్లినప్పుడు?”

ఫెలిసితాస్ చేతులు ఒళ్లో పెట్టుకుంది. “కాఫీ కాయలు ఎర్రబడ్డాయి. కిందే ఉన్నాం. బుట్ట సగం నిండింది.”

అనువాదకులిద్దరూ ఆ మాటని ఒకరి తర్వాత ఒకరు మెల్లగా చెప్పారు. జడ్జిగారు కాసేపు రాసుకున్నారు. ఆమె మాటల్లో ఎక్కడా పొంతన తప్పలేదని, ఆశ్రయం ఇస్తున్నానని అక్కడికక్కడే చెప్పారు. అప్పీలుకి వెళ్లబోమని లాయరమ్మ అంది. డేవిడ్ టేబుల్ కింద పిడికిలి బిగించాడు. నేను ఏడ్చేశాను. మార్గరెట్ నాకు టిష్యూ ఇచ్చింది, దాని మీద మాత్రం ‘ఎవరు చెప్పారు?’ అని లేదు.

బయటికొచ్చాక

నేను గెలిచానన్న ఊపులో ఉన్నాను. దాచడమెందుకు, ఫెలిసితాస్ గెలిచిందని కూడా కాదు, నేను గెలిచానని. చుట్టిన బొమ్మ చంకలో ఉంది. డేవిడ్ చెప్పాడు, “ఇక ఎవరూ పంపించలేరని చెప్పు. ఒక్కటి మాత్రం. పెరూ వెళ్లకూడదు. ఇదివరకే చెప్పాను, ఇంకోసారి ఆమె భాషలో చెప్పు. వెళ్తే అక్కడ భయం లేదన్నట్టే అవుతుంది, ఇచ్చిన ఆశ్రయం పోవచ్చు.”

చెప్పాను. ఫెలిసితాస్ నా మొహంలోకి చూసింది.

“కిందికి వెళ్లకూడదా?”

“కిందికి వెళ్లకూడదు.”

“మధ్యకి?”

“మధ్యకీ కూడదు.”

“పైకి? వాళ్లు పైకి రారు న్యాన్యా. అక్కడ మా అమ్మ ఇల్లుంది.”

పైకి వెళ్తే ఏమవుతుందిలే అనాలనిపించింది. కానీ ఆ మూడూ వేరు వేరు ఊళ్లు కావు, మూడూ కలిపి ఒకటే ఇల్లు అని లోపల ప్రమాణం చేసి, రంగులేసి మరీ చూపించి వచ్చింది నేనే. జడ్జిగారు నమ్మారు.

“పైకీ కూడదు” అన్నాను.

ఆమె తలూపింది. ఏడవలేదు. ఫోన్ ఇవ్వమంది. వాళ్ల ఊరిలో అందరూ కలిసి కాలువ పూడిక తీసే రోజొకటి ఉంటుంది. ఆ పనికి ఏటేటా మనిషి రాకపోతే ఆ మనిషి భూమి మీద హక్కు ఊరికి పోతుంది. ఇన్నాళ్లూ చెల్లెలు ఆమె బదులు కూడా పార పట్టుకుని వెళ్తోంది, అక్క వస్తుంది కదా అని. మధ్య ఊరి దుకాణానికి ఫోన్ చేస్తే ఎవరో పరుగెత్తుకెళ్లి ఆ చెల్లెల్ని పిలుచుకొచ్చారు. ఫెలిసితాస్ పేవ్‌మెంట్ మీద, బస్సుల రొద మధ్య నిలబడి, తన పొలంలో ఒక్కో చెక్కనీ పేరు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. గాలిరాయి దగ్గరిది, గొర్రెదొడ్డి వెనకది, ముసలమ్మ నీళ్లది. నా బొమ్మలో ఆ పేర్లు ఒక్కటీ లేవు. నేను ఎత్తులు కొలిచాను, పంటలు రాశాను. పేర్లు అడగలేదు.

అవతల చెల్లెలు ఏడుస్తున్నట్టుంది. “ఏడిస్తే వినపడదు. సరిగ్గా విను” అని గదమాయించింది ఫెలిసితాస్. మాట్లాడటం అయ్యాక ఫోన్ కొంగుతో తుడిచినట్టు స్వెటర్‌తో తుడిచి నాకిచ్చింది.

“అన్నీ దానికే ఇచ్చేశాను” అంది. “గాలిరాయి దగ్గరిది మాత్రం ఈ ఏడు బీడు పెట్టమన్నాను. మూడేళ్లుగా కాస్తూనే ఉంది. అలిసిపోయి ఉంటుంది.”

డేవిడ్ “ఏమంటోంది?” అని అడిగాడు. ఎలా చెప్పాలో తెలియక నేను మార్గరెట్ వైపు చూశాను. మార్గరెట్ అప్పటికే ఫెలిసితాస్ చెయ్యి పట్టుకుని, ఆ నేల ఎర్రమన్నా నల్లమన్నా అని అడుగుతోంది.